కందిగింజంత మెదడు కణజాలం: బ్రెయిన్ ఆర్గనాయిడ్ అంటే ఏమిటి? మన కుటుంబాలకు దానితో ఏం పని?

బిడ్డకు మూర్ఛలు వస్తున్నా, మాటా నడకా ఆలస్యమైనా, ఇంట్లో ఒకే మానసిక జబ్బు ఇద్దరు ముగ్గురిలో కనిపించినా మనవాళ్లు పెద్దాసుపత్రికి బయలుదేరతారు. కోలారు, హోసూరు వైపు వాళ్లకు బెంగళూరు, బరంపురం వాళ్లకు భువనేశ్వరో విశాఖో, షోలాపూరు వాళ్లకు పుణె, యానాం వాళ్లకు కాకినాడ. అక్కడ పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు కొన్నిసార్లు ఇంకో మాట అడగవచ్చు. ‘పరిశోధన కోసం కొంచెం రక్తం ఇస్తారా? దానితో స్టెమ్ సెల్స్ తయారుచేస్తాం’ అని. ఒక కాగితం చేతికిస్తారు. అది ఇంగ్లీషులోనో, ఆ రాష్ట్ర భాషలోనో ఉండవచ్చు. ఆ భాష బాగా వచ్చినవాళ్లు చదువుకుంటారు. రానివాళ్లు డాక్టరు మీది నమ్మకంతో సంతకం పెట్టేస్తారు.

ఆ రక్తం ఎక్కడికి పోతుంది, దానితో ఏం చేస్తారు, దానివల్ల మన బిడ్డకు ఏమైనా ఒరుగుతుందా? ఈ ప్రశ్నలకు సమాధానం తెలియాలంటే ‘బ్రెయిన్ ఆర్గనాయిడ్’ అనే మాట తెలియాలి. సంతకం పెట్టమని గానీ, పెట్టొద్దని గానీ చెప్పడం ఈ వ్యాసం పని కాదు. తెలుసుకుని పెట్టమని చెప్పడమే.

క్లుప్తంగా

మనిషి మూలకణాల నుంచి ల్యాబ్‌లో పెంచిన, మెదడులోని ఒక భాగాన్ని పోలిన చిన్న కణజాలపు ముద్దను బ్రెయిన్ ఆర్గనాయిడ్ అంటారు. మూలకణాలంటే ఇంకా ఏ పనికీ కుదురుకోని, ఏ అవయవపు కణంగానైనా మారగల కణాలు. ఇంగ్లీషులో వీటినే స్టెమ్ సెల్స్ అంటున్నాం.

ఆర్గనాయిడ్ దాదాపు కందిగింజంత ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్లు అనుకోండి. అందులో లక్షల కణాలుంటాయి. పెద్దవాళ్ల మెదడులో నాడీకణాలే సుమారు 8,600 కోట్లు. పత్రికలు దీన్ని ‘మినీ బ్రెయిన్’ అని రాస్తుంటాయి గానీ ఆ పేరు సరికాదు. దీనికి కళ్లు లేవు, చెవులు లేవు, రక్తనాళాలు లేవు, వెన్నుపాము లేదు. గర్భంలో బిడ్డ మెదడు తొలి నెలల్లో ఎలా కట్టుబడుతుందో చూపించే నమూనా ఇది.

ఎక్కడ మొదలైంది

మనిషి పిండం నుంచి తీసిన మూలకణాలను ల్యాబ్‌లో పెంచడం 1998లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ బృందానికి సాధ్యమైంది. అయితే పిండాన్ని వాడాలి కాబట్టి చాలా దేశాల్లో అభ్యంతరాలు వచ్చాయి.

ఆ చిక్కును జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో షిన్యా యమనకా విప్పారు. ఎలుక చర్మపు కణంలో నాలుగు జన్యువులను చురుకుగా పనిచేయిస్తే, అది తన పాత పనిని మరిచి మళ్లీ మూలకణంగా మారుతుందని ఆయన బృందం 2006లో చూపించింది. మరుసటి ఏడాది మనిషి కణాలతోనూ అదే చేసి చూపారు. ఇలా తయారైనవాటిని ఐపీఎస్ కణాలు అంటారు. ఈ పనికి యమనకాకు, ఆయనకంటే చాలాముందే కప్పలతో ఇలాంటి దారి చూపిన జాన్ గర్డన్‌కు కలిపి 2012లో నోబెల్ బహుమతి వచ్చింది.

దీనితో రెండు పనులు జరిగాయి. పిండం అవసరం తప్పింది. అంతకంటే ముఖ్యంగా, ఫలానా వ్యక్తి కణాలతోనే, ఆ వ్యక్తి జన్యువులతోనే మూలకణాలు తయారుచేసే వీలు కలిగింది. పరిశోధనకు మన రక్తం అడగడానికి కారణం ఇదే.

అదే కాలంలో జపాన్‌లోనే కోబేలోని రికెన్ సంస్థలో యోషికి ససాయి బృందం ఇంకో సంగతి కనిపెట్టింది. మూలకణాలను పళ్లెం అడుగున పరచకుండా ద్రవంలో తేలే ముద్దగా వదిలేస్తే, అవి తమంతట తామే మెదడు పైపొరను పోలిన పొరలుగా అమరుతాయని 2008లో ప్రచురించింది. ఆ పొరలు ఎక్కడ ఏర్పడాలో బయటినుంచి ఎవరూ చెప్పలేదు. కణాలే ఒకదానికొకటి సంకేతాలు ఇచ్చుకుని సర్దుకున్నాయి. ఆర్గనాయిడ్ శాస్త్రానికి ఇదే పునాది.

ఎలా పెంచుతారు

ల్యాబ్‌ను బట్టి పద్ధతి కొంత మారుతుంది. మొత్తం మీద వరుస ఇలా ఉంటుంది.

ముందుగా దాత నుంచి కొద్దిగా రక్తమో, చిన్న చర్మపు ముక్కో తీసుకుంటారు. అందులోని కణాలను ఐపీఎస్ కణాలుగా మారుస్తారు. దీనికి కొన్ని వారాలు పడుతుంది. అవి సరిగా మారాయా, జన్యువుల్లో కొత్త తప్పులేమైనా చేరాయా అని చూడటానికి ఇంకా సమయం పడుతుంది. బాగున్నవాటిని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాస్తారు. అలా ఏళ్ల తరబడి ఉంచవచ్చు, కావలసినప్పుడు తీసి మళ్లీ పెంచవచ్చు.

తరువాత చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో ఒక్కో గుంటలో కొన్ని వేల కణాలు వేస్తారు. వియన్నా పద్ధతిలో ఇది సుమారు 9 వేలు. ఐదారు రోజుల్లో అవి ఉండలా కట్టుకుంటాయి. అప్పుడు వాటికిచ్చే పోషక ద్రవాన్ని మారుస్తారు. ఆ కొత్త ద్రవంలో కణాలు నాడీకణాలయ్యే దారి పడతాయి. పదిరోజులు దాటాక ఒక్కో ఉండను జిగురులాంటి పదార్థపు బొట్టులో పొదుగుతారు. ఎలుక కణితి నుంచి తీసే ఈ పదార్థం పేరు మాట్రిజెల్. పందిరి లేని తీగ నేలమీద చుట్టుకుపోయినట్టు, ఆ ఆసరా లేకపోతే కణజాలం సరిగా విచ్చుకోదు.

ఆపై వాటిని మెల్లగా తిప్పే పాత్రలోకి మారుస్తారు. ద్రవం కదులుతుంటే ఆక్సిజన్, ఆహారం లోపలిదాకా కొంతైనా చేరతాయి. పెట్టె లోపల మన ఒంటి వేడి, 37 డిగ్రీలు. నెలా రెండు నెలలకు అందులో నాడీకణాలు కనబడతాయి. తరువాత అవి విద్యుత్ సంకేతాలు పంపుకోవడం మొదలుపెడతాయి. వీటిని నెలల తరబడి, కొన్ని ల్యాబ్‌లలో ఏడాదికి మించి కూడా బతికిస్తున్నారు.

ఇందులో తొందర పనికిరాదు. గర్భంలో బిడ్డ మెదడు ఎంత నిదానంగా ఎదుగుతుందో, పళ్లెంలోని కణాలు కూడా దాదాపు అదే లెక్కన ఎదుగుతాయి.

వియన్నాలో ఏం తేలింది

2013లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని ఇంబా సంస్థలో మాడెలిన్ లాంకాస్టర్, యుర్గెన్ నోబ్లిక్ బృందం ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. బ్రెయిన్ ఆర్గనాయిడ్ అనే మాట లోకానికి తెలిసింది దానితోనే.

వాళ్లు ఎంచుకున్న జబ్బు మైక్రోసెఫలీ, అంటే బిడ్డ తల, మెదడు మామూలుకంటే బాగా చిన్నగా ఉండటం. ఒక రోగిలో సీడీకే5ఆర్‌ఏపీ2 అనే జన్యువు దెబ్బతింది. ఎలుకలో అదే జన్యువును పాడుచేసి చూస్తే, మనిషిలో కనిపించినంతగా మెదడు కుంచించుకుపోలేదు. ఎలుక మెదడు వేరు, మనిషి మెదడు వేరు. అందుకని ఆ రోగి చర్మపు కణాల నుంచే ఐపీఎస్ కణాలు చేసి, ఆర్గనాయిడ్లు పెంచారు. అవి ఆరోగ్యవంతుల కణాలతో పెంచిన ఆర్గనాయిడ్లకంటే చిన్నగా వచ్చాయి.

కారణం కూడా కళ్లముందు కనబడింది. మెదడు కట్టుబడేటప్పుడు మొదట మూలకణాలు రెండు, నాలుగు, ఎనిమిదిగా తమ సంఖ్యను పెంచుకోవాలి. తగినన్ని అయ్యాకే నాడీకణాలుగా మారాలి. ఈ రోగి కణాలు ఆ తొలి దశను సరిగా పూర్తిచేయకుండానే నాడీకణాలుగా మారిపోయాయి. విత్తనపు వడ్లు ముందే వండుకు తిన్న ఇంట్లో మరుసటి ఏడు చేను ఎలా పలచబడుతుందో, ఇక్కడా అలాగే జరిగింది. మూలకణాల నిల్వ తరిగిపోయింది, మెదడు చిన్నదైపోయింది.

పుట్టకముందే జరిగిపోయే విషయం కాబట్టి దీన్ని బతికున్న మనిషిలో చూడటం సాధ్యం కాదు. బిడ్డ ఆసుపత్రికి వచ్చేసరికే అది జరిగి ఏళ్లు గడిచిపోతాయి. ఆర్గనాయిడ్ ఆ గడిచిన కాలాన్ని మళ్లీ ఒకసారి మొదటినుంచి చూసే వీలు కల్పిస్తుంది.

మన ఇళ్లకు సంబంధం ఉన్న చోటు: మేనరికం

తల చిన్నగా పుట్టడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక రకం, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు దెబ్బతిన్న జన్యు ప్రతులు బిడ్డకు చేరినప్పుడే వస్తుంది. ఒక్క ప్రతి మాత్రమే దెబ్బతిన్నవాళ్లకు ఏ లక్షణమూ ఉండదు. తమలో అది ఉన్నట్టు వాళ్లకు తెలియను కూడా తెలియదు. అలాంటి ఇద్దరు దంపతులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది.

దగ్గరి బంధువుల మధ్య ఒకే దెబ్బతిన్న ప్రతి ఉండే అవకాశం ఎక్కువ. మేనత్త కొడుకు, మేనమామ కూతురు లాంటివాళ్లకు జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటుంది. మేనమామ, మేనకోడళ్లకు నాలుగో వంతు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడులోనూ, కర్ణాటకలోనూ పెళ్లయిన స్త్రీలలో నాలుగో వంతుకు పైగా దగ్గరి బంధువులనే చేసుకున్నట్టు తేలింది. సొంత ప్రాంతానికి దూరంగా స్థిరపడ్డ మన కుటుంబాల్లో, భాషా కులమూ కలిసే సంబంధం దొరకడం కష్టమైనచోట, మేనరికం ఇంకా గట్టిగా నిలబడిందనే సంగతి మనకు తెలియనిది కాదు.

ఇది ఎవరినీ తప్పుపట్టడానికి చెబుతున్నది కాదు. మేనరికం చేసుకున్న దంపతుల్లో చాలామంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. కానీ ఇంట్లో ఒక బిడ్డ ఇలా పుడితే అది తల్లి దోషమో, గ్రహచారమో, చేసిన పాపమో కాదు. అక్షరం తప్పిన ఒక జన్యువు. దానికి పేరుంది, వెతికితే దొరుకుతుంది.

వెతికి పట్టుకున్నవాళ్లు మన పక్కనే ఉన్నారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, నిమ్హాన్స్ శాస్త్రవేత్తలు మైక్రోసెఫలీ ఉన్న భారతీయ కుటుంబాలను పరిశీలించి, ‘స్టిల్’ అనే జన్యువులో లోపం ఈ జబ్బుకు ఒక కారణమని 2009లో ప్రకటించారు. ఆ కుటుంబాలు రక్తం ఇవ్వకపోతే ఆ సంగతి తెలిసేది కాదు. జన్యువు పేరు తెలిస్తే తరువాతి కాన్పుకు ముందు జెనెటిక్ కౌన్సెలింగ్ తీసుకోవచ్చు, గర్భంలోనే పరీక్ష చేయించుకోవచ్చు. ఈ మేలు జన్యు పరీక్ష వల్ల వచ్చేది, ఆర్గనాయిడ్ వల్ల కాదు. ఆ జన్యువు దెబ్బతింటే మెదడులో సరిగ్గా ఏం జరుగుతుందో చూపడం ఆర్గనాయిడ్ పని. ఈ రెండూ వేరని గుర్తుంచుకోవాలి.

జికా వచ్చినప్పుడు

ఆర్గనాయిడ్ల విలువ లోకానికి బాగా తెలిసింది 2016లో. బ్రెజిల్‌లో చిన్న తలలతో బిడ్డలు పుట్టడం ఒక్కసారిగా పెరిగింది. దోమకాటుతో వచ్చే జికా వైరస్ మీద అనుమానం పడింది. ఆ ఏడాది ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. కానీ వైరసే కారణమని నిరూపించడం ఎలా? గర్భిణుల మీద ప్రయోగం చేయలేం కదా.

రియో డి జనీరోలోని శాస్త్రవేత్తలు మనిషి కణాలతో పెంచిన ఆర్గనాయిడ్లకు జికా వైరస్ సోకించారు. కొద్దిరోజుల్లోనే వాటి ఎదుగుదల సోకనివాటితో పోలిస్తే 40 శాతం తగ్గింది. డెంగ్యూ వైరస్‌ను నాడీకణాల ముద్దలకు సోకించి చూస్తే అలాంటి నష్టం కనబడలేదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఇంకో బృందం, వైరస్ నేరుగా నాడీ మూలకణాల మీదే పడుతోందని చూపించింది. ఆ బృందం వాడిన చిన్న తిరుగుడు పాత్రల తొలి నమూనాలను త్రీడీ ప్రింటర్‌తో తయారుచేసినవాళ్లలో హైస్కూలు విద్యార్థులున్నారు.

ఇది మనకు దూరపు వార్త కాదు. 2022 డిసెంబరులో కర్ణాటకలో తొలి జికా కేసు బయటపడింది మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే రాయచూరు జిల్లాలో. 2024లో పుణెలో గర్భిణులకు కూడా సోకింది. ఇంటి చుట్టూ నీళ్లు నిలవకుండా చూసుకోవడం, గర్భిణికి దోమతెర తప్పనిసరి చేయడం ఎందుకో ఆ ఆర్గనాయిడ్లు చూపించాయి.

ఆ తరువాత ఎంతదూరం వచ్చింది

తొలినాళ్లలో ఒక పెద్ద ఇబ్బంది ఉండేది. ఒకే రోజు, ఒకే కణాలతో పెంచినా ఏ రెండు ఆర్గనాయిడ్లూ ఒకేలా వచ్చేవి కావు. ఒకటి ఇలా, ఇంకొకటి అలా వస్తుంటే జబ్బు వల్ల వచ్చిన తేడా ఏదో, పెంపకంలో వచ్చిన తేడా ఏదో తేల్చడం ఎలా? 2019లో హార్వర్డ్‌లో పావొలా ఆర్లొట్టా బృందం మెదడు పైపొరను పోలిన 21 ఆర్గనాయిడ్లలోని కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించి, వాటిలో 95 శాతం దాదాపు ఒకే రకాల కణాలతో ఏర్పడ్డాయని చూపింది. అప్పటినుంచి ఫలితాల మీద నమ్మకం పెరిగింది.

స్టాన్‌ఫర్డ్‌లో సెర్జియు పాష్కా బృందం మెదడులోని వేర్వేరు భాగాలను పోలిన ఆర్గనాయిడ్లను పక్కపక్కన పెట్టి అతుక్కోనిచ్చింది. ఒక దానిలోంచి నాడీకణాలు ఇంకోదానిలోకి నడుచుకుంటూ వెళ్లాయి. వీటిని అసెంబ్లాయిడ్లు అంటున్నారు. 2022లో అదే బృందం మనిషి ఆర్గనాయిడ్‌ను అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల మెదడులో నాటింది. ఎలుక రక్తనాళాలు అందులోకి పాకాయి, కణాలు పళ్లెంలో కంటే బాగా పెద్దవయ్యాయి. ఎలుక మీసాలను కదిలిస్తే ఆ మనిషి నాడీకణాలు స్పందించాయి.

ఈ పద్ధతితో చికిత్సకు దారి చూపిన జబ్బు ఒకటుంది. టిమోతీ సిండ్రోమ్ అనే చాలా అరుదైన జబ్బులో ఒక్క జన్యువు తేడా వల్ల గుండె లయ తప్పుతుంది, ఆటిజం, మూర్ఛ వస్తాయి. ఆ జన్యువు నుంచి వచ్చే తప్పుడు సందేశాన్ని తగ్గించే ఒక చిన్న మందు అణువును, రోగుల కణాలతో పెంచి ఎలుకల్లో నాటిన ఆర్గనాయిడ్ల మీద పరీక్షించి, కణాల పనితీరు చక్కబడుతోందని 2024లో ప్రచురించారు. అది ఎలుకలో ఉన్న మనిషి కణాల మీద ఫలితం. మనుషులకు ఇచ్చే మందు కావాలంటే ఇంకా మెట్లు ఎక్కాలి.

ఏం చేయలేదో కూడా తెలియాలి

రక్తనాళాలు లేకపోవడం ఆర్గనాయిడ్‌కు పెద్ద లోటు. కణజాలం పెరిగేకొద్దీ నడిమధ్యకు ఆక్సిజన్ అందక అక్కడి కణాలు చచ్చిపోతాయి. అందుకే అది కందిగింజ దాటి పెద్దగా పెరగదు. మెదడును కాపాడే రోగనిరోధక కణాలు సాధారణంగా అందులో ఉండవు. ఎంతకాలం పెంచినా దాని కణాలు చాలావరకు గర్భస్థ శిశువు దశలోనో, పుట్టిన తొలినాళ్ల దశలోనో ఉంటాయి. కాబట్టి డెబ్బై ఏళ్లకు వచ్చే మతిమరుపు జబ్బును ఇందులో పూర్తిగా చూడలేం.

ఇంకో మాట స్పష్టంగా చెప్పుకోవాలి. పళ్లెంలో పెంచిన ఆర్గనాయిడ్‌ను బిడ్డ మెదడులో పెట్టి జబ్బు నయం చేసే చికిత్స ఈరోజు ఏ దేశంలోనూ ఆమోదం పొంది అందుబాటులో లేదు.

అది ఆలోచిస్తుందా? నొప్పి తెలుస్తుందా?

మన కణాలతో పెంచిన మెదడు ముక్క అనగానే ఎవరికైనా వచ్చే అనుమానమే ఇది. శాస్త్రవేత్తలకూ వచ్చింది. 2019లో అమెరికాలోని శాన్ డియెగోలో నెలల తరబడి పెంచిన ఆర్గనాయిడ్లలో విద్యుత్ తరంగాలు కనిపించాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల మెదడు తరంగాలతో కొన్ని పోలికలున్నాయని ఆ బృందం చెప్పడంతో చర్చ మొదలైంది.

తరంగాలు ఉన్నంత మాత్రాన స్పృహ ఉన్నట్టు కాదు. చూపు, వినికిడి, స్పర్శ ఏవీ దానికి చేరవు. నొప్పిని మోసుకొచ్చే నరాలు లేవు. అంతర్జాతీయ మూలకణ పరిశోధనా సంఘం 2021లో సవరించిన మార్గదర్శకాల్లో, ప్రస్తుతం ఆర్గనాయిడ్లకు స్పృహ గానీ, నొప్పి గానీ ఉన్నట్టు ఆధారాలు లేవని చెప్పింది. అయితే అవి మరింత సంక్లిష్టంగా తయారయ్యేకొద్దీ నిఘా పెట్టాలని, మనిషి కణాలను జంతువుల మెదడులో నాటే పనిని ప్రత్యేకంగా సమీక్షించాలని అంటోంది.

మన దేశంలో

బెంగళూరులో నిమ్హాన్స్, నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్, ఇన్‌స్టెమ్ సంస్థలు కలిసి కేంద్ర బయోటెక్నాలజీ శాఖ సాయంతో ఒక పెద్ద పని చేపట్టాయి. ఒకే కుటుంబంలో ఇద్దరికో, అంతకంటే ఎక్కువమందికో స్కిజోఫ్రేనియా, బైపోలార్ జబ్బు, ఓసీడీ, మద్యపాన వ్యసనం, మతిమరుపు జబ్బు లాంటివి ఉంటే, ఆ ఇంట్లో జబ్బు ఉన్నవాళ్లవీ లేనివాళ్లవీ కణాలు సేకరించి ఐపీఎస్ కణాలుగా మార్చి భద్రపరుస్తున్నారు. లోకంలో ఇప్పటిదాకా తయారైన ఇలాంటి కణాల్లో ఎక్కువభాగం యూరప్ మూలాలున్నవాళ్లవి. మన దేశపు కుటుంబాల జన్యువులు అందులో లేకపోతే, రేపు వచ్చే మందు మనకు సరిపోతుందో లేదో చెప్పేవాళ్లు ఉండరు.

హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి శాస్త్రవేత్తలు 2017లో ఐపీఎస్ కణాల నుంచి కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరను పోలిన చిన్న ఆర్గనాయిడ్లను తయారుచేసి ప్రచురించారు. ఆర్గనాయిడ్ల పని మెదడుకే పరిమితం కాదనడానికి ఇది దగ్గరి ఉదాహరణ. 2023లో కేంద్రం కొత్త మందుల నియమాలను సవరించి, మందులు పరీక్షించడానికి జంతువులకు బదులు మనిషి ఆర్గనాయిడ్ల లాంటి పద్ధతులనూ వాడవచ్చని చోటిచ్చింది.

‘స్టెమ్ సెల్ చికిత్స’ బోర్డులు చూసి మోసపోవద్దు

పరిశోధనకు రక్తం అడగడం వేరు. డబ్బు తీసుకుని ‘స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఆటిజం పోతుంది, సెరిబ్రల్ పాల్సీ తగ్గుతుంది’ అని చెప్పడం వేరు. రెండింటికీ పేరు ఒకటే కావడంతో అమాయకులు చిక్కుకుపోతున్నారు.

భారత వైద్య పరిశోధనా మండలి, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్తం తయారుచేసే మూలకణాలను కొన్ని నిర్దిష్ట జబ్బులకు ఎక్కించడం మాత్రమే ఒప్పుకున్న చికిత్స. ఎముక మజ్జ మార్పిడి ఈ కోవలోదే. మిగతా ఏ జబ్బుకు స్టెమ్ సెల్స్ వాడినా అది పరిశోధన కిందికే వస్తుంది. దాన్ని అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి, ఆ ట్రయల్ భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. పరిశోధన ఖర్చును రోగి మీద వేయకూడదు. కాబట్టి గుర్తు చాలా సులభం: మెదడు జబ్బుకు స్టెమ్ సెల్స్ అంటూ లక్షలు అడిగితే, పొలం అమ్మకముందే ఆగి ఇంకో డాక్టరును అడగండి.

సంతకం పెట్టే ముందు

కణాలు ఒకసారి ఐపీఎస్ కణాలుగా మారితే అవి దాత కంటే ఎక్కువకాలం ఉండిపోగలవు. ఇతర ల్యాబ్‌లకు వెళ్లగలవు. అమెరికాలో 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ కణితి నుంచి ఆమెకు చెప్పకుండా తీసిన కణాలు ఈరోజుకీ ప్రపంచమంతా పెరుగుతున్నాయి. ఆ సంగతి ఆమె కుటుంబానికి తెలియడానికే ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. అనుమతి కాగితానికి అంత ప్రాధాన్యం రావడంలో ఇలాంటి అనుభవాల పాత్ర ఉంది.

వైద్య పరిశోధనా మండలి 2017 నైతిక మార్గదర్శకాలు మనకు ఇచ్చే హక్కులు ఇవి:

• సమాచార పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, తెలుగే మీకు బాగా అర్థమైతే తెలుగులో కావాలని అడగండి. అది దయ కాదు, నియమం.

• చదవలేనివాళ్లకు చదివి వినిపించాలి. పరిశోధకులతో సంబంధం లేని సాక్షి ఒకరు అక్కడ ఉండాలి.

• ఆలోచించుకోవడానికి సమయం అడగవచ్చు. కాగితం ప్రతిని ఇంటికి తెచ్చుకోవచ్చు.

• ఒప్పుకోకపోయినా మీకు అందే వైద్యంలో తేడా రాకూడదు. ఒప్పుకున్న తరువాత కూడా మానుకోవచ్చు.

• బిడ్డ తరఫున తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. ఏడేళ్లు దాటిన పిల్లల్ని నోటిమాటగా అడగాలి, పన్నెండేళ్లు దాటినవాళ్ల ఒప్పుదలను రాతపూర్వకంగా తీసుకోవాలి.

అడగాల్సిన ప్రశ్నలు కూడా కొన్ని రాసిపెట్టుకోండి. నా కణాలతో ఐపీఎస్ కణాలు చేస్తారా? ఎంతకాలం దాస్తారు? వేరే సంస్థలకు, కంపెనీలకు, దేశం బయటకు ఇస్తారా? జంతువుల్లో నాటుతారా? మా పేరు ఎవరికి తెలుస్తుంది? మా కుటుంబానికి పనికొచ్చే సంగతి ఏదైనా బయటపడితే మాకు చెబుతారా? నేను మానుకుంటే అప్పటికే చేసిన కణాలను ఏం చేస్తారు? ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఏది? నిజాయితీగా పనిచేసే పరిశోధకులు ఈ ప్రశ్నలకు విసుక్కోరు.

ఒకటి మాత్రం ముందే మనసులో పెట్టుకోవాలి. ఇచ్చిన రక్తం వల్ల మీ బిడ్డకు ఈ ఏడాదో, వచ్చే ఏడాదో నయమవుతుందని ఎవరూ మాటివ్వలేరు. ఇచ్చేది రేపు ఇంకో ఇంట్లో పుట్టబోయే బిడ్డ కోసం. బెంగళూరులో ఆ జన్యువు పేరు తేలింది, వియన్నాలో ఆ జబ్బు మూలం కనబడింది అంటే, ఏదో ఒక ఇంటివాళ్లు తమ బాధలో కూడా చెయ్యి చాచి రక్తమో, చర్మపు ముక్కో ఇచ్చినందువల్లే. ఇవ్వాలో వద్దో మీ ఇష్టం. ఇచ్చేటట్టయితే, తెలుగులో విని, అర్థం చేసుకుని ఇవ్వండి.